డిసెంబరులో మొదలయ్యే రేసు

జూలై నెలలో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసును టీవీలో చూసేవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. సాయంత్రం మొదలుపెట్టి రాత్రి దాకా చూసినా, చివరికి మనకు గుర్తుండిపోయేది ఆఖరి రెండు వందల మీటర్లే. చేతులు పైకెత్తి గీత దాటిన ఒక్క మనిషి ముఖమే. ఆ మనిషి అంతకుముందు శీతాకాలం ఎక్కడ గడిపాడు, ఎవరితో కలిసి తిన్నాడు, ఎవరి భాషలో మాట్లాడాడు, ఇంటికి ఎన్నాళ్లు దూరంగా ఉన్నాడు అన్నవి ఆ ప్రసారంలో కనపడవు. ఈ రోజు నేను మాట్లాడబోయేది వాటి గురించే. ఎక్కడో దూరదేశంలో పుట్టి, యూరప్ వచ్చి, కొత్త జట్టులో చేరిన ఒక కుర్రాడో ఒక అమ్మాయో రోడ్డు సైకిల్ సీజన్‌కు ఎలా సిద్ధమవుతారు అన్నదే నా విషయం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. అలా వచ్చినవాళ్లు ఎంత కష్టపడి సిద్ధమైనా అది సగం పనే. మిగతా సగం వాళ్లను పిలిచిన జట్టు చేయాలి. ఆ రెండో సగం జరిగిన చోట అద్భుతాలు జరిగాయి. జరగని చోట మంచి మంచి కాళ్లు కూడా ఊరికే వృథా అయ్యాయి.

ముందుగా ఈ ఆట క్యాలెండర్ ఎలా ఉంటుందో చూద్దాం. పెద్ద రేసులు జనవరిలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ పరిసరాల్లో జరిగే టూర్ డౌన్ అండర్‌తో మొదలవుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్, ఇటలీల్లో ఒక్క రోజులో ముగిసే పెద్ద పందేలుంటాయి. వాటిని క్లాసిక్స్ అంటారు. మేలో ఇటలీ, జూలైలో ఫ్రాన్స్, ఆగస్టు, సెప్టెంబరుల్లో స్పెయిన్. ఇవి మూడు వారాల రేసులు, ఒక్కొక్కటీ 21 దశలు. అక్టోబరులో ఇటలీలోని లొంబార్దియా రేసుతో పెద్ద పోటీలు దాదాపు ముగుస్తాయి. అంటే ఏడాదిలో తొమ్మిది, పది నెలలు రేసులే. అక్టోబరు చివర్లో మూడు నాలుగు వారాలు సైకిల్ పక్కన పెట్టి, నవంబరులో మళ్లీ ఎక్కుతారు. డిసెంబరులో జట్టంతా ఒకచోట చేరుతుంది. కొత్తగా చేరినవాడు తన జట్టును మొదటిసారి కలుసుకునేది సాధారణంగా అక్కడే.

అక్కడొక విచిత్రం కనపడుతుంది. ఆటగాళ్ల ఒప్పందాలు జనవరి 1న మొదలై డిసెంబరు 31న ముగుస్తాయి. కాబట్టి డిసెంబరు శిబిరంలో కొత్త జట్టు సైకిలెక్కి, కొత్త జట్టువాళ్ల పక్కన తొక్కుతూ ఉన్నా, ఒంటి మీద చాలాసార్లు పాత జట్టు జెర్సీయో, ఏ పేరూ లేని సాదా జెర్సీయో ఉంటుంది. కొత్త రంగులు జనవరి ఒకటో తారీకున వేసుకుంటారు. ఆ రోజు ఆటగాళ్లంతా కొత్త బట్టల్లో ఫొటోలు పెడతారు. చూసేవాళ్లకది సరదా. ఆ కుర్రాడికి మాత్రం తాను ఎవరి మనిషో తేలిన రోజు.

ఈ డిసెంబరు శిబిరాలు ఎక్కువగా స్పెయిన్ తూర్పు తీరంలో, అలికాంతె జిల్లాలోని కాల్పె అనే ఊరి చుట్టుపక్కల జరుగుతాయి. ఉత్తర యూరప్ మంచులోనో వానలోనో ఉన్నప్పుడు అక్కడ ఎండ కాస్తుంది. సముద్రం పక్కన హోటళ్లు ఆ కాలంలో ఖాళీగా ఉంటాయి. కాస్త లోపలికి వెళితే కొండలు. కోల్ దె రాతెస్ అని ఒక కొండదారి ఉంది. పార్సెంట్ అనే ఊరి నుంచి పైకి ఆరున్నర కిలోమీటర్లు. మరీ నిట్టనిలువు కాదు, ఒకే తీరుగా ఎక్కుతుంది. అందుకే జట్లన్నీ తమ మనుషుల సత్తాను అక్కడ కొలుస్తాయి.

మొదటి రోజు మొదలయ్యేది కొలతలతోనే. సీటు ఎత్తు, సీటు నుంచి హ్యాండిల్‌కు దూరం, బూటు అడుగున పెడల్‌ను పట్టుకునే క్లీట్ ఏ కోణంలో ఉండాలి అన్నవి మెకానిక్ మిల్లీమీటర్లలో చూసుకుంటాడు. పాత జట్టు సైకిల్ ఒక కంపెనీది, కొత్తది ఇంకో కంపెనీది. సీటు ఆకారం మారుతుంది, బూట్లు మారుతాయి, పెడళ్లు మారుతాయి. రెండు మూడు మిల్లీమీటర్లకే ఇంత హడావుడా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. నిమిషానికి 90 సార్లు పెడల్ తిప్పేవాడు ఐదు గంటల్లో 27,000 సార్లు తిప్పుతాడు. సీటు కాస్త ఎక్కువ తక్కువైతే ఆ తేడా మోకాలి మీద 27,000 సార్లు పడుతుంది. జనవరిలో మోకాలు పట్టేస్తే మార్చి రేసులు పోయినట్టే. అందుకే తెలిసినవాళ్లు పాత సైకిల్ కొలతలన్నీ రాసి దగ్గర పెట్టుకుంటారు. కొత్తగా వచ్చి, భాష సరిగా రాక, నొప్పి ఉందని చెప్పడానికి మొహమాటపడే కుర్రాడికి ఇక్కడే మొదటి ప్రమాదం. మంచి మెకానిక్ రోజూ సాయంత్రం వచ్చి తానే అడుగుతాడు.

తర్వాత పరీక్షలు. కొండ మీదో గదిలోనో మెట్టు మెట్టుకూ బలం పెంచుతూ తొక్కిస్తారు. ప్రతి మెట్టుకూ చెవి తమ్మె నుంచి ఒక్క రక్తపు చుక్క తీసి లాక్టేట్ ఎంతుందో చూస్తారు. ఎంత వేగం దాకా ఒళ్లు తట్టుకుంటోంది, ఎక్కడ నుంచి కండరం మండుతోంది అన్నది అందులో తేలుతుంది. ఆ అంకెలను బట్టి శిక్షణ. డిసెంబరులో ఎక్కువ భాగం పక్కవాడితో మాట్లాడగలిగే వేగంలో, నాలుగు నుంచి ఆరు గంటల సవారీలు. గుండె, ఊపిరితిత్తులు, కండరాల్లోని సన్నటి రక్తనాళాలు ఆ నిదానపు సవారీల్లోనే గట్టిపడతాయి. తొందరపడి డిసెంబరులోనే సత్తా చూపించాలనుకునేవాడు ఏప్రిల్ నాటికి ఖాళీ అవుతాడు. కొత్త జట్టులో చేరినవాడికి ఆ తొందర సహజంగా ఎక్కువ. నలుగురి ముందూ తనను తాను నిరూపించుకోవాలని ఉంటుంది. అతన్ని ఆపి, వెనక తొక్కమని నచ్చజెప్పడం కోచ్ పని.

ఇక తిండి సంగతి. మనకు నచ్చే విషయం ఒకటుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిల్ జట్లు రోడ్డు మీద తినేవాటిలో అన్నం ముఖ్యమైనది. జట్టులో సేవలు చూసే మనిషిని సొన్యోర్ అంటారు. ఆ సొన్యోర్ ముందు రోజు రాత్రి పొట్టి గింజ బియ్యాన్ని జిగురు వచ్చేదాకా మెత్తగా వండి, కాస్త చక్కెర, ఉప్పు, మెత్తటి చీజో పండ్ల జామో కలిపి, పళ్లెంలో అదిమి, చల్లారనిచ్చి, ముక్కలుగా కోస్తాడు. ఒక్కో ముక్కను రేకు కాగితంలో చుడతాడు. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో వీపు జేబులోంచి తీసి, పళ్లతో కాగితం లాగి తినగలిగేలా ఆ చుట్టడం ఉండాలి. ఈ మధ్య పెద్ద రేసుల్లో గంటకు 90 గ్రాములు, ఇంకా ఎక్కువ కూడా పిండిపదార్థం తీసుకుంటున్నారు. పేగులు అలవాటు పడకపోతే కడుపు ఎదురుతిరుగుతుంది. కాబట్టి శీతాకాలంలో కాళ్లతో పాటు పేగులకూ శిక్షణ ఇస్తారు. ఎంత తినాలి, ఎప్పుడు తినాలి అన్నది కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

శరీరం సంగతి ఇది. దీనికంటే కష్టమైనది జట్టులో తన చోటు తెలుసుకోవడం. పెద్ద జట్టులో దాదాపు 30 మంది ఉంటారు. మూడు వారాల రేసుకు ఎంపికయ్యేది ఎనిమిది మంది. ఆ ఎనిమిది మందిలో ఒకరికో ఇద్దరికో గెలిచే అవకాశం. మిగతావాళ్లు గాలికి ఎదురు నిలుస్తారు, వెనక కారు దగ్గరికి వెళ్లి నీళ్ల సీసాలు జెర్సీలో నింపుకొని తెస్తారు, నాయకుడి టైరు పగిలితే తమ చక్రం ఇచ్చేస్తారు. ముందున్నవాడి వెనకాల నీడలా తొక్కితే గాలి భారం బాగా తగ్గుతుంది. ఆ ఒక్క సూత్రం వల్లే సైకిల్ పందెం జట్టు ఆట అయింది. అందుకే గెలిచినవాడి బహుమతి డబ్బు జట్టులో పంచుకోవడం ఈ ఆటలో పాత ఆనవాయితీ.

సొంత దేశంలో ప్రతి రేసూ తానే గెలిచి వచ్చిన కుర్రాడికి ఇక్కడ నీళ్లు మోయమంటే మనసుకు కష్టంగానే ఉంటుంది. ఎవరి వెనక ఏ వైపున ఉండాలి, పక్కగాలి వీచినప్పుడు రోడ్డుకు అడ్డంగా ఏటవాలు వరుస ఎలా కట్టాలి, చివరి కిలోమీటరులో ఎవరు ఎవరిని ఎక్కడ వదలాలి అన్నవి చెబితే రావు, కలిసి తొక్కితే వస్తాయి. రేసులో చెవిలోని రేడియోలో వినపడే ఆదేశం రెండు ముక్కలు. అర్థమయ్యేలోగా మలుపు దాటిపోతుంది. అందుకే శిబిరంలో భోజనాల బల్ల దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారన్నది కూడా సన్నాహంలో భాగమే. ఒకే దేశంవాళ్లంతా ఒక బల్ల దగ్గర చేరి, కొత్తవాడు మూలన ఒంటరిగా తింటే, ఆ జట్టు రేసులో కూడా అలాగే విడిపోతుంది.

రోడ్డు మీద లేని కష్టాలు ఇంకో వరుస. విదేశానికి వెళ్లిన తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు, మొదటిది వీసా. యూరప్‌కు ఇచ్చే మామూలు షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండటానికి లేదు. సీజన్ చూస్తే తొమ్మిది నెలలు. దీర్ఘకాలం ఉండే అనుమతి కోసం జట్టు ముందు నుంచీ కాగితాలు నడపకపోతే, కుర్రాడు బాగా తొక్కుతున్న సమయంలో పెట్టె సర్దుకోవాల్సి వస్తుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆటగాళ్లు వీసా చేతికి రాక రేసులు పోగొట్టుకున్న సందర్భాలు ఒకటి రెండు కావు.

రెండోది, రోడ్డుకు ఏ వైపు తొక్కాలన్నది. మన దగ్గర ఎడమ, యూరప్‌లో ఎక్కువ దేశాల్లో కుడి. ఇక్కడి నుంచి వెళ్లి అక్కడ సైకిలెక్కే ఎవరైనా మొదటి వారం ఒంటరిగా బయటికి వెళ్లకూడదు. అలసిపోయినప్పుడు, ఖాళీ రోడ్డు మీద, మలుపు తిరగగానే పాత అలవాటే బయటికొస్తుంది. 2016 జనవరిలో ఇదే అలికాంతె ప్రాంతంలో శిక్షణలో ఉన్న జైంట్ అల్పెసిన్ జట్టును తప్పు వైపున వచ్చిన కారు ఎదురుగా ఢీకొట్టింది. ఆరుగురు గాయపడ్డారు. వాళ్లలో జాన్ డెగెన్‌కోల్బ్ ఒక వేలు పోగొట్టుకునేంత పని అయింది. ఆయన కోలుకుని 2018 టూర్‌లో రూబే పట్టణంలో ముగిసిన దశను గెలవడానికి రెండున్నరేళ్లు పట్టింది. శిక్షణ రోడ్డు రేసు రోడ్డు కంటే ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని ఎవరూ మూసి ఉంచరు.

మూడోది చలి, వాన. బెల్జియంలో మార్చి నెల రేసు అంటే ఒకే రోజులో ఎండ, వడగళ్లు, ఎముకలు కొరికే గాలి. ప్రతి ఆటగాడికీ జట్టు కారులో తన పేరు రాసిన వాన సంచి ఒకటి ఉంటుంది. పొడి చేతితొడుగులు, కోటు, మెడకు చుట్టుకునే గుడ్డ అందులో ఉంటాయి. ఏది ఏ అరలో పెట్టాడో ఆటగాడికి తెలిసి ఉండాలి, కారులో ఉన్న మనిషికీ తెలిసి ఉండాలి. కదిలే కారు కిటికీలోంచి మొద్దుబారిన చేతులకు సరైన వస్తువు అందాలంటే అంతే. వేడి దేశం నుంచి వచ్చినవాడికి ఆ సంచి సర్దడం పక్కన కూర్చుని నేర్పించే మనిషి కావాలి.

ఇప్పుడు బినియామ్ గిర్మాయ్ గురించి చెబుతాను. తూర్పు ఆఫ్రికాలోని ఎరిత్రియా దేశం ఒకప్పుడు ఇటలీ వలస. ఇటలీవాళ్లు వెళ్లిపోయినా సైకిల్ పిచ్చి ఆ దేశంలో మిగిలిపోయింది. 1946లోనే అక్కడ దేశవ్యాప్త రేసు నడిపారు. రాజధాని అస్మరా సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైన ఉంటుంది. బినియామ్ 2000లో అక్కడ పుట్టాడు. 2015 టూర్‌లో తన దేశానికే చెందిన డేనియల్ తెక్లెహైమనోత్ కొండలెక్కడంలో ముందున్నవాడికి ఇచ్చే ‘కొండల రాజు’ చుక్కల జెర్సీ వేసుకున్నప్పుడు ఈ కుర్రాడికి 15 ఏళ్లు. 2018లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్ పట్టణంలో నడిపే శిక్షణ కేంద్రానికి వచ్చాడు. పెద్ద సైక్లింగ్ సంప్రదాయం లేని దేశాల పిల్లలకు గది, సైకిల్, కోచ్, రేసులు ఇచ్చే చోటు అది. 2020లో ఒక ఫ్రెంచి జట్టు తీసుకుంది. ఆ జట్టు డబ్బు ఇబ్బందుల్లో పడింది. 2021 ఆగస్టులో సీజన్ మధ్యలోనే బెల్జియం జట్టు ఇంటర్‌మార్షే అతన్ని తీసుకుంది. మరుసటి నెలలో లూవెన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 23 ఏళ్లలోపు విభాగంలో రజతం తెచ్చుకున్నాడు.

2022 మార్చిలో జరిగింది నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. బినియామ్ అప్పటికి కొన్ని నెలలుగా భార్యకూ పసిపాపకూ దూరంగా ఉన్నాడు. ఈ3 అనే రేసులో ఐదో స్థానంలో వచ్చి ఇంటికి వెళ్లాలనుకున్నాడు. రెండు రోజుల్లో గెంట్ వెవెల్గెమ్ ఉంది, అదొక్కటీ తొక్కి వెళ్లు అంది జట్టు. ఒప్పుకున్నాడు. మార్చి 27న దాదాపు 250 కిలోమీటర్ల ఆ రేసును చివరి పరుగులో గెలిచాడు. అంతటి పెద్ద క్లాసిక్ గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్ ఆయనే. తర్వాతి ఆదివారం బెల్జియంలోకెల్లా పెద్ద రేసు టూర్ ఆఫ్ ఫ్లాండర్స్. పత్రికలన్నీ ఉంటాడా అని అడిగాయి. ఆయన ఉండలేదు. అనుకున్న ప్రకారం ఇంటికి వెళ్లాడు. జట్టు ఆపలేదు.

అది కేవలం దయ అనుకోకండి. తెలివి కూడా. యూరప్ ఆటగాళ్లు తెనెరిఫే ద్వీపంలో తెయిదె అగ్నిపర్వతం మీద, 2,100 మీటర్లకు పైన ఉన్న హోటల్లో మూడేసి వారాలు గడుపుతారు. గాలి పలచగా ఉన్న చోట ఒళ్లు ఎర్ర రక్తకణాలను పెంచుకుంటుందని. బినియామ్‌కు ఆ ఎత్తు సొంత ఇంట్లోనే ఉంది. ఇల్లు చేరితే మనసు కుదుటపడుతుంది, రక్తమూ చిక్కబడుతుంది. ఆ మే నెలలోనే ఇటలీ రేసులో పదో దశ గెలిచాడు. రెండేళ్ల తర్వాత, 2024 టూర్‌లో మూడు దశలు గెలిచి, అందరికంటే ఎక్కువ పాయింట్లకు ఇచ్చే ఆకుపచ్చ జెర్సీతో నీస్ నగరం చేరాడు. జట్టు మొండిగా పట్టుబట్టి ఆ రోజు అతన్ని ఆపి ఉంటే ఇవన్నీ జరిగేవి కావని నేను రుజువు చేయలేను. కానీ దూరం నుంచి వచ్చిన మనిషికి తిరిగి వెళ్లే టికెట్ కూడా శిక్షణ పట్టికలో భాగమని ఆ జట్టు అర్థం చేసుకుంది. అదే నేను మొదట చెప్పిన రెండో సగం.

ఇంకో కథ అఫ్ఘానిస్తాన్‌ది. ఫార్యాబ్ ప్రాంతానికి చెందిన అక్కాచెల్లెళ్లు యుల్దుజ్, ఫరీబా హాషిమి. ఆడపిల్ల సైకిలెక్కితే రాళ్లు పడే చోట, పేర్లు మార్చుకుని మొదటి రేసులో దిగారు. 2021లో తాలిబన్ పాలన తిరిగొచ్చాక, 1997 ప్రపంచ విజేత అలెస్సాండ్రా కాపెల్లొట్టో సాయంతో ఇటలీ చేరారు. ఇల్లు, భాష, సైకిల్ అన్నీ కొత్తవే. 2022 అక్టోబరులో దేశం దాటి వచ్చిన అఫ్ఘాన్ అమ్మాయిల కోసం ఎగ్ల్‌లోనే జాతీయ పోటీ పెడితే ఫరీబా గెలిచింది, అక్క రెండో స్థానంలో వచ్చింది. ఆ గెలుపుతో ఫరీబాకు పెద్ద జట్టులో చోటు దొరికింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అక్కాచెల్లెళ్లిద్దరూ అఫ్ఘానిస్తాన్ తరఫున తొక్కారు. వాళ్ల కాళ్లలో బలం ముందే ఉంది. ఆ బలం రేసు దాకా రావడానికి ఒక మాజీ విజేత ఇల్లు వెతికి పెట్టాల్సి వచ్చింది.

ఈ మాటలు మనకెందుకు అని ఎవరైనా అనుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైకిల్ పందేల వెలోడ్రోమ్ ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. తెల్లవారుజామున అక్కడ తొక్కే పిల్లల్లో ఎవరో ఒకరు యూరప్ కలలు కంటూ ఉండొచ్చు. ఆ పిల్లలకు నా మాట ఒకటే. కొలతలు రాసి పెట్టుకోండి, నిదానంగా తొక్కడం నేర్చుకోండి, తొక్కుతూ తినడం నేర్చుకోండి, నొప్పి ఉంటే నోరు తెరిచి చెప్పండి. జట్టు పిలిస్తే జీతమెంత అని అడిగే ముందు వీసా ఎవరు చూస్తారు, ఎక్కడ ఉంచుతారు, ఇంటికి ఎప్పుడు పంపుతారు అని అడగండి. ఆ ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చే జట్టే మీ కోసం సిద్ధమైన జట్టు.

ఆ పిల్లల తల్లిదండ్రులకు, కోచ్‌లకు, క్రీడా సంఘాల పెద్దలకు కూడా ఒక మనవి. పిల్లవాడిని విమానం ఎక్కించడంతో మన పని అయిపోదు. అక్కడ మొదటి శీతాకాలం గడిచేదాకా వాడి వెనక ఒక మనిషి ఉండాలి. ఫలితం అడిగేవాళ్లు ఎలాగూ చాలామంది ఉంటారు. తిన్నావా, నిద్రపట్టిందా, మోకాలు ఎలా ఉంది అని వారం వారం అడిగే ఆ ఒక్క మనిషిని ముందుగా ఏర్పాటు చేయండి. ప్రతిభ ఎక్కడైనా పుడుతుంది. దాన్ని గీత దాకా నడిపించేది అలా పట్టించుకునే మనుషులే.